పాత పోర్ట్రెయిట్లు, మంచు దృశ్యాలు: గ్యాలరీలో వీటిని ఎలా చూడాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పెద్ద ఆర్ట్ గ్యాలరీకి మొదటిసారి వెళ్ళారు. ఒక హాలు నిండా మూడు నాలుగొందల ఏళ్ళ కిందటి రాజులు, రాణులు, వర్తకుల పోర్ట్రెయిట్లు. పక్క హాలులో మంచు కప్పిన పల్లెలు, గడ్డకట్టిన నదులు. రెండూ కలిపి ఇరవై నిమిషాల్లో చూసేసి బయటికొచ్చారు. "ముఖాలన్నీ ఒకేలా ఉన్నాయి, మంచు చూస్తే అంతా తెలుపే, నాకేమీ అనిపించలేదు. లోపం నాలోనే ఉందా? మళ్ళీ వెళ్తే ఏం చూడాలి?" అని అడిగారు.

మీలో ఏ లోపమూ లేదు. చూసిన వరుస తిరగేయండి, చాలు. ముందు మంచు హాలుకి వెళ్ళండి, ఆ తర్వాతే ముఖాల హాలుకి రండి. రెండు హాళ్ళలో కలిపి నాలుగు బొమ్మలు ఎంచుకోండి. ఒక్కోదాని ముందు పది నిమిషాలు నిలబడండి, లేదా ఎదురుగా బల్ల ఉంటే కూర్చోండి. గోడమీది లేబుల్ చివర్లో చదవండి. మిగతా బొమ్మలు చూడలేదని బెంగ పెట్టుకోకండి, అవి ఎక్కడికీ పోవు.

నేను మొదట ఆరేళ్ళు పాత చిత్రాలను శుభ్రం చేసి బాగుచేసే వర్క్‌షాపులో సహాయకుడిగా ఉన్నాను. ఆ తర్వాత పద్నాలుగేళ్ళుగా గ్యాలరీలో సందర్శకులను వెంటబెట్టుకుని బొమ్మలు చూపిస్తున్నాను. ఈ వరుస నేను పుస్తకాల్లో చదివింది కాదు. మీలాగే "ఏమీ అనిపించలేదు" అన్నవాళ్ళతో తిరిగి తిరిగి నేర్చుకున్నది.

ఎందుకీ వరుస అంటారా? ముఖం కనబడగానే మన కన్ను బొమ్మని చూడటం మానేస్తుంది. కోపంగా ఉన్నాడా, అందంగా ఉందా, గర్విష్ఠా, మంచివాడా అని మనిషిని అంచనా వేసే పనిలో పడుతుంది. రెండు సెకన్లలో ఆ అంచనా అయిపోతుంది, కాళ్ళు పక్క బొమ్మ వైపు కదులుతాయి. మంచుకి అలాంటి హావభావాలేవీ లేవు. దాని ముందు నిలబడితే కంటికి రంగు తప్ప వేరే ఆసరా దొరకదు. అక్కడ రంగు చూడటం అలవాటైన కన్నుతో ముఖాల దగ్గరికి వస్తే, అవే ముఖాలు వేరేగా కనబడతాయి.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు అదే ముఖ్యం. పందొమ్మిదో శతాబ్దం దాకా యూరప్‌లో నూనెరంగులతో పనిచేసేవాళ్ళ దగ్గర నమ్మకమైన తెలుపు ఒక్కటే: సీసంతో చేసే లెడ్ వైట్. సీసపు రేకులను వెనిగర్ ఆవిరి తగిలేలా కుండల్లో పెట్టి, ఆ కుండలను పేడలో కప్పి, వారాల తరబడి వదిలేసేవారు. రేకుల మీద తెల్లటి పొర కట్టేది. దాన్ని గీకి, నూరి, నూనెలో కలిపేవారు. అది విషం, తయారుచేసేవాళ్ళ ఆరోగ్యం దెబ్బతినేది. రాణిగారి చెంప, ఆమె మెడచుట్టూ ఉన్న లేసు, ఊరి మీద కురిసిన మంచు, అన్నీ ఆ ఒక్క తెలుపులోంచే వచ్చాయి.

సీసం ఎక్స్-రే కిరణాలను అడ్డుకుంటుంది. అందుకే పాత చిత్రానికి ఎక్స్-రే తీస్తే లెడ్ వైట్ ఉన్న చోటల్లా తెల్లగా వెలుగుతుంది. వర్క్‌షాపులో చేరిన కొత్తలో రెండు ఫిల్ములు పక్కపక్కన వెలుతురు బల్లమీద పెట్టి ఉన్నాయి. ఒకటి ఒక ముసలాయన తల, రెండోది మంచు కప్పిన పొలం. నేను దగ్గరికి వంగి చూసినప్పుడు ఏది నుదురో, ఏది మంచు దిబ్బో ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. వేసినవాడికి కూడా ఆ రెండూ ఒకే పని: తెలుపుకి దగ్గరగా ఉన్న ఒక వంపు మీద వెలుతురు ఎక్కడ వెచ్చబడుతోందో (పసుపు, ఎరుపు వైపు), ఎక్కడ చల్లబడుతోందో (నీలం వైపు) చూపించాలి.

ఇక మంచు హాలు.

మొదటి పని: బొమ్మలో అన్నిటికన్నా తెల్లగా ఉన్న చోటు ఎక్కడుందో వెతకండి. మొత్తం తెల్లగా ఉందని కదా మీరు అన్నది? వెతికితే తెలుస్తుంది, అసలైన తెలుపు ఎక్కడో ఒక బియ్యపుగింజంత ఉంటుంది. కంచె మీద పేరుకున్న మంచు అంచునో, కప్పు చూరు మీదో. మిగతాదంతా బూడిదరంగు, లేత నీలం, గులాబీ, పసుపు, ఒక్కోసారి ఆకుపచ్చ. తెల్లనివన్నీ పాలు కావన్న మాట మంచు దృశ్యాల విషయంలో అక్షరాలా నిజం.

నమ్మకం కుదరకపోతే జేబులో ఒక తెల్ల కాగితం ముక్క పెట్టుకెళ్ళండి. బొమ్మ ముందు సందర్శకులకు హద్దుగా ఉండే గీత దాటకుండా, ఉన్న చోటే నిలబడి, కాగితాన్ని ఛాతీకి దగ్గరగా ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, కాగితం అంచు పక్కనుంచి మంచుని చూడండి. ముందుగా అక్కడున్న గార్డుకి ఏం చేస్తున్నారో చెప్పండి. చిత్రం వైపు చేయి లేస్తే వాళ్ళు కంగారుపడతారు, పడాలి కూడా. కాగితం మీద, బొమ్మ మీద పడే వెలుతురు ఒకటే కాదు కాబట్టి ఇది కచ్చితమైన కొలత కాదు. కానీ కాగితం పక్కన మంచు ఒక్కసారిగా మసకబారి రంగులోకి దిగడం చూసినవాళ్ళెవరూ మళ్ళీ మంచుని తెలుపు అనరు.

క్లోద్ మోనే 1868-69 చలికాలంలో ఎత్రెతా దగ్గర వేసిన మ్యాగ్‌పై పక్షి బొమ్మ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. దాదాపు 89 సెంటీమీటర్ల ఎత్తు, 130 వెడల్పు. కంచె, దాని గేటు మీద నల్లటి చిన్న పక్షి, వెనకనుంచి పడే వాలు ఎండ, కంచె నీడలు ముందుకి పరుచుకుని ఉంటాయి. ఆ నీడల్లో నలుపు లేదు, నీలం, ఊదా. ఎండ తగిలిన మంచులో లేత పసుపు. 1869లో పారిస్ సలోన్, అంటే అప్పటి అధికారిక కళాప్రదర్శన, ఆ చిత్రాన్ని తిప్పి పంపేసింది. అప్పటి కళ్ళకి నీడంటే గోధుమరంగో, నలుపో. కానీ ఆకాశం తేటగా ఉన్న రోజున నీడలోకి ఎండ రాదు, ఆకాశపు వెలుతురే వస్తుంది. ఆకాశం నీలం కాబట్టి నీడా నీలమే. మోనే ఉన్నది ఉన్నట్టు వేశాడు.

కమీల్ పిసారో 1873లో వేసిన చిత్రం ఒకటి కూడా అక్కడే ఉంది. దున్నిన పొలం మీద తెల్లవారుజామున పేరుకున్న సన్నటి మంచు, కట్టెల మోపుతో నడుస్తున్న ముసలాయన. పొలం చాళ్ళకు అడ్డంగా పొడుగాటి చెట్ల నీడలు పడి ఉంటాయి. ఆ చెట్లు మాత్రం బొమ్మలో లేవు, ఫ్రేమ్ బయట ఎక్కడో ఉన్నాయి. మోనే, పిసారో లాంటివాళ్ళు కలిసి పెట్టుకున్న 1874 నాటి మొదటి ఇంప్రెషనిస్ట్ ప్రదర్శనలో దీన్ని చూసి లూయీ లెరాయ్ అనే విమర్శకుడు, రంగుల పలక గీకిన చెత్తంతా మురికి కాన్వాస్ మీద పూసినట్టుందని వెక్కిరించాడు. మీరు ఆ చాళ్ళ ముందు కాసేపు నిలబడి చూడండి. ఒక్కో చాలు ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మంచు పసుపుగా ఉన్నంత మాత్రాన అది చిత్రకారుడు వేసిన ఎండే అనుకోకండి. పాత చిత్రాల మీద రక్షణకి పూసిన వార్నిష్ ఏళ్ళు గడిచేకొద్దీ పచ్చబడుతుంది. తేడా పట్టుకోవడానికి నేను చెప్పే గుర్తు ఇదీ: వెలుతురు పడ్డ చోట పసుపుగా ఉండి నీడల్లో తేట నీలం కనిపిస్తే అది ఎండ. నీడలూ, ఆకాశమూ, మనుషుల బట్టలమీది తెలుపూ కూడా పచ్చబడి, బొమ్మ మొత్తంలో చల్లటి రంగు ఎక్కడా లేకపోతే వార్నిష్‌ని అనుమానించండి. ఆకాశం బూడిదగా ఉన్నా అలాగే జాగ్రత్త. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో స్మాల్ట్ అనే నీలం గాజుపొడిని ఎక్కువగా వాడేవారు. నూనెలో అది కాలక్రమంలో నీలం పోగొట్టుకుని బూడిదరంగుకి తిరుగుతుంది. మబ్బు పట్టిందనుకున్న ఆకాశం ఒకప్పుడు తేటగా ఉండి ఉండొచ్చు.

రెండో విషయం భాషకి సంబంధించింది. మనం మంచు అనే ఒక్క మాటతో చాలా వాటిని సరిపెట్టుకుంటాం. గాల్లో వేలాడే పొగమంచు, ఆకాశంనుంచి రాలి నేలమీద మెత్తగా పేరుకునే మంచు, నీళ్ళు గట్టిపడిన మంచుగడ్డ, గడ్డిపరకల మీద తెల్లారేసరికి కట్టే మంచు. చిత్రకారుడికి ఇవి నాలుగు వేరు వేరు పనులు. పేరుకున్న మంచుకి మెత్తని అంచులు, మందమైన రంగు. గడ్డకట్టిన చెరువుకి పల్చటి, నునుపైన పొర, అందులో ఆకాశపు రంగు. పొగమంచుకి దూరం వెళ్ళేకొద్దీ వెలిసిపోయే మనుషులు. బొమ్మ ముందు నిలబడి ఇందులో ఎన్ని రకాల మంచు ఉందో లెక్కపెట్టండి. పిల్లలతో వెళ్ళినప్పుడు నేను ఈ ఒక్క పనే ఇస్తాను, అరగంట కదలరు.

ఈ లెక్కకి అన్నిటికన్నా గొప్ప బొమ్మ పీటర్ బ్రూగెల్ 1565లో ఓక్ చెక్క పలక మీద వేసిన వేటగాళ్ళ దృశ్యం. వియన్నాలోని కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో ఉంది. ఆంట్వెర్ప్ వర్తకుడు నిక్లాస్ యోంగెలింక్ కోసం ఏడాది పొడుగునా మారే కాలాలమీద వేసిన వరుసలో ఇది ఒకటి. ఆ వరుసలో అయిదు మిగిలాయి. నేను ఈ చిత్రం ముందు మూడు వేర్వేరు రోజులు గడిపాను. మొదటిరోజు వేటగాళ్ళు తప్ప ఏమీ చూడలేదు. ముగ్గురు, మనకి వీపు తిప్పి, మంచులో కాళ్ళు కూరుకుపోతూ కొండ దిగబోతున్నారు. వెనక తలలు వేలాడేసిన కుక్కల గుంపు. ఇంతమందికీ కలిపి దొరికింది ఒక్క నక్క, ఒకడి భుజం మీది కర్రకి వేలాడుతోంది. వాళ్ళు ఉత్త చేతులతో వస్తున్నారని ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ వీపులు చూస్తే చాలు.

రెండోరోజు ఎడమవైపు చూశాను. సత్రం ముందు మంట వేసి పంది వెంట్రుకలు కాలుస్తున్నారు. మంట నాలుకలు గాలికి పక్కకి వాలి ఉన్నాయి. సత్రం బోర్డు ఒక కొక్కెం ఊడి వాలుగా వేలాడుతోంది. మూడోరోజు దూరం చూశాను. కింద గడ్డకట్టిన చెరువుల మీద జనం జారుతున్నారు, ఆడుతున్నారు, ఒకామె ఇంకొకామెని బండి మీద లాగుతోంది. కుడివైపు నీటిమర చక్రం మంచు కట్టి ఆగిపోయింది. ఇంకా దూరంగా, వేలిగోరంత ఇంటికి పొగగొట్టం అంటుకుంది, జనం నిచ్చెన వేసుకుని ఆర్పుతున్నారు. ఇదంతా కనబడ్డాక అప్పుడు గమనించాను, ఆకాశమూ చెరువులూ ఒకే ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు. పైనా కిందా ఒకే రంగు మూసేయడం వల్ల మధ్యలో ఉన్న లోయంతా మూతపెట్టిన పెట్టెలా ఉంటుంది. చలి మనకి తగిలేది అక్కడ. మంచు తెల్లగా ఉండటం వల్ల తగిలే చలి కాదది.

ఇక్కడే ఇంకో మాట. 1564-65 చలికాలం చాలా తీవ్రంగా గడిచింది. ఆ శతాబ్దాలను శీతోష్ణ చరిత్ర రాసేవాళ్ళు చిన్న మంచుయుగం అంటారు. అయినా ఈ బొమ్మని ఆనాటి ఫోటోలా చదవకండి. వెనకనున్న మొనదేలిన కొండలు బ్రూగెల్ ఉన్న ప్రాంతంలో లేవు, అది చదును నేల. బ్రూగెల్ ఇటలీ వెళ్ళి వచ్చినప్పుడు దారిలో ఆల్ప్స్ చూశాడు, వాటిని తెచ్చి తన పల్లె వెనక నిలబెట్టాడు. జపాన్‌లో హిరోషిగే 1830లలో వేసిన తొకైదో దారి మజిలీల్లో కంబారా రాత్రి మంచు చాలా పేరున్న ముద్రణ, కానీ కంబారాలో అంత మంచు కురవడం అరుదు. అన్నట్టు ఆ ముద్రణల్లో మంచు ఏ రంగుతోనూ వేసింది కాదు, అచ్చు పడకుండా వదిలేసిన కాగితమే. కాగితం మీది పనులను మామూలుగా 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దగ్గరి మసక వెలుతురులో ఉంచుతారు, నూనెరంగులకి 200 దాకా ఇస్తారు. ఆ గదిలోకి వెళ్ళినప్పుడు చీకటిగా ఉందని వెనక్కి రాకండి, కళ్ళు సర్దుకోవడానికి రెండు మూడు నిమిషాలు ఇవ్వండి.

ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో హెండ్రిక్ అవర్‌క్యాంప్ 1608 ప్రాంతంలో వేసిన మంచు దృశ్యం ముందు మాత్రం చదరపు అడుగు చొప్పున చూడండి. ఆయన మూగ, కాంపెన్ ఊరి మూగాయన అనే పేరుతోనే పిలిచేవారు. వినోదం ఎంత ఉందో అంత కఠినత్వమూ ఉంది అందులో: ఒక మూల కర్ర ఆనించి నిలబెట్టిన తలుపు, కింద గింజలకోసం వచ్చిన పక్షుల మీద పడటానికి సిద్ధంగా, ఇంకోచోట చచ్చిన గుర్రాన్ని పీక్కుతింటున్న కుక్క. కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1811 నాటి మంచు దృశ్యం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, 45 సెంటీమీటర్ల వెడల్పు కూడా దాటని చిన్న బొమ్మ. మంచులో విసిరేసిన ఊతకర్రలు వెతకండి, తర్వాత ఆ కర్రల మనిషిని వెతకండి.

ఇప్పుడు అయిదు నిమిషాలు ఎక్కడైనా కూర్చుని ముఖాల హాలుకి రండి.

ముఖం చూడకండి, ఇంకా వేళ కాలేదు. ముందు బట్టల్లోని తెలుపు చూడండి. కాలర్, చేతి అంచుల లేసు, తలకట్టు. ఇప్పుడు మీ కన్ను మంచుకి అలవాటు పడి ఉంది. మెడచుట్టూ ఉన్న మడతల్లో నీలం నీడలు, వెచ్చటి అంచులు వాటంతటవే కనబడతాయి. లండన్ వాలెస్ కలెక్షన్‌లో ఫ్రాన్స్ హాల్స్ 1624లో వేసిన యువకుడి చిత్రం ఉంది, అందరూ నవ్వే వీరుడంటారు. అతను ఎవరో తెలియదు, 26 ఏళ్ళ వయసని మాత్రం బొమ్మమీదే రాసి ఉంది. నిజానికి అతను నవ్వడం లేదు, మీసం పైకి తిరిగి ఉండటంవల్ల అలా అనిపిస్తుంది. చేతి అంచున ఉన్న లేసుని గీత దాటకుండా ఎంత దగ్గరకి వీలైతే అంత దగ్గరగా చూడండి: కుంచె విసిరిన గీతలు తప్ప లేసు ఉండదు. నాలుగడుగులు వెనక్కి వేయండి, దారం దారం లెక్కపెట్టొచ్చు అనిపిస్తుంది. ఇలా ముందుకీ వెనక్కీ నడవడమే చిత్రాన్ని చూడటంలో సగం.

ఆ తర్వాత చేతులు. ముఖం చూపించాలనుకున్నది చూపిస్తుంది, చేతులకి అంత జాగ్రత్త ఉండదు. 1538 మార్చి 12న బ్రస్సెల్స్‌లో హాన్స్ హోల్బైన్‌కి డెన్మార్క్ క్రిస్టీనా ఎదుట కూర్చునే అవకాశం దొరికింది, మూడే మూడు గంటలు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ పెళ్ళిచూపుల పని అది. ఆమెకి పదహారేళ్ళు, అప్పటికే భర్త పోయి శోకవస్త్రాల్లో ఉంది. అప్పుడు గీసుకున్న దాన్ని బట్టి హోల్బైన్ నిలువెత్తు చిత్రం వేశాడు. ఒళ్ళంతా నలుపు, వెలిగేవి ముఖమూ, చేతులూ. నేను ఆ చిత్రం ముందు ఎవరినైనా నిలబెట్టినప్పుడు చేతులు చూడమని చెప్పి మాట్లాడకుండా ఊరుకుంటాను. పెళ్ళి జరగలేదు. హెన్రీ బొమ్మని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

దీన్నిబట్టే తెలుస్తుంది, పోర్ట్రెయిట్ ముందు అడగాల్సిన ప్రశ్న ఇతనెవరు అన్నది కాదు, ఇది ఎవరు చూడటానికి వేయించారు అన్నది. ఒక రాజు చూసి పెళ్ళాడటానికా, రాయబారి ఇంటి గోడకా, తరవాతి తరాల కోసమా? మీకు ముఖాలన్నీ ఒకేలా అనిపించడానికి ఇదీ కారణమే. ఒకే అవసరానికి వేయించిన బొమ్మల్లో నిలబడే తీరు, చేయి పెట్టే చోటు, వెనక తెర కూడా ఒకేలా ఉంటాయి. కొన్నిసార్లు ముఖం కూడా అచ్చుగుద్దినట్టే ఉంటుంది. ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ ముఖానికి ఒక నమూనా తయారయ్యాక మళ్ళీ మళ్ళీ దాన్నే వాడేవారు, ప్రతి చిత్రానికీ ఆమె వచ్చి కూర్చునేది కాదు. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీని 1856లో స్థాపించినప్పుడు పెట్టుకున్న నియమం కూడా చిత్రం గొప్పదనం కాదు, అందులో ఉన్న మనిషి ప్రాముఖ్యం. అలాంటి చోట కొన్ని బొమ్మలు మిమ్మల్ని కదిలించకపోతే అది సహజం. వాటిని చరిత్ర కాగితాల్లా చూసి ముందుకి వెళ్ళండి.

ఇప్పుడు ముఖం. ఇక్కడ నా వర్క్‌షాపు రోజులు చెప్పాలి.

ఒక నడివయసు స్త్రీ చిత్రం మా దగ్గరికి వచ్చింది. ఆమె ఎవరో తెలియదు, వేసినవాడెవరో తెలియదు. ముఖమంతా తేనెరంగు. ఏళ్ళ తరబడి ఆ చిత్రం ఇష్టపడినవాళ్ళు ఆ వెచ్చదనాన్నే మెచ్చుకునేవారు. మా పెద్దాయన దవడ కింద తపాలా బిళ్ళంత మేర, దూది చుట్టిన పుల్లతో వార్నిష్ తీశారు. దూది గోధుమరంగుకి తిరిగింది. ఆ చిన్న కిటికీలో కనబడింది చల్లటి నీలం కలిసిన బూడిద నీడ, అచ్చం మంచు దృశ్యంలో పొద కింద ఉండే నీడ. దాని పక్కనే గులాబీ. మొత్తం శుభ్రం చేసేసరికి నెలలు పట్టింది. చివరికి బయటికొచ్చిన మనిషి పదేళ్ళు చిన్నది, చలిగాలిలోంచి అప్పుడే లోపలికి వచ్చినట్టుంది. చూడటానికి వచ్చిన ఒకాయన మాత్రం చాలాసేపు నిలబడి, "నాకు తెలిసినామె ఈమె కాదు" అని వెళ్ళిపోయాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. మనం ఇష్టపడేది కొన్నిసార్లు చిత్రకారుడు వేసినదాన్ని కాదు, కాలం పూసినదాన్ని.

కాలం తీసేసుకునేవి కూడా ఉన్నాయి. ఎరుపు రంగుల్లో పురుగులనుంచి, మొక్కలనుంచి తీసేవి వెలుతురుకి వెలిసిపోతాయి. 1575 ప్రాంతపు ఎలిజబెత్ చిత్రం ఒకటి, డార్న్లీ పోర్ట్రెయిట్ అంటారు, ఆమె తెల్లగా పాలిపోయి ఉంటుందన్న నమ్మకానికి ఆధారమైంది. రంగులు పరీక్షిస్తే ముఖంలోని ఎరుపు వెలిసిపోయిందని తేలింది, మొదట చెంపలు ఎర్రగానే ఉండేవి. ఇంగ్లీషు చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ వేసిన ముఖాలైతే ఆయన బతికుండగానే పాలిపోవడం మొదలైంది. కాబట్టి పాత చిత్రంలో మనిషి రోగిష్టిలా కనబడితే, మనిషిని అనే ముందు రంగుని అనుమానించండి.

మా గ్యాలరీకి వచ్చిన ఒక పదిహేనేళ్ళ అమ్మాయి గురించి చెప్తాను. బడి తరఫున వచ్చింది, మొదట్లో గోడకి ఆనుకుని విసుగ్గా ఉంది. మంచు హాలులో నీడల రంగు చెప్పమన్నాను, ముక్తసరిగా చెప్పింది. ముఖాల హాలుకి వచ్చాక ఒక వర్తకుడి చిత్రం ముందు ఆగి, ఆయన గడ్డం కింద చూపిస్తూ, "ఇక్కడ మంచు ఉందండీ" అంది. సరిగ్గా ఆ దవడ నీడే. ఆ తర్వాత ఆమె ప్రతి ముఖంలోనూ వెతుక్కుంటూ వెళ్ళింది. నేను చెప్పాల్సినదేమీ మిగల్లేదు.

కొన్ని చిన్న విషయాలు గబగబా. నిలబడే చోటు మార్చండి: హోల్బైన్ 1533లో వేసిన ఇద్దరు రాయబారుల చిత్రంలో కింద వాలుగా సాగిన మరక, కుడివైపు పక్కకి వెళ్ళి చూస్తే పుర్రె అవుతుంది. మెరుపు అడ్డం వస్తే రెండడుగులు పక్కకి జరగండి. రెంబ్రాంట్ చివరి స్వీయచిత్రాల్లాంటివి పక్కనుంచి కూడా చూడండి, నుదుటి మీద, ముక్కు మీద లెడ్ వైట్ మందంగా గడ్డకట్టి ఉంటుంది, వెలుతురు ఆ గట్లమీద నిజంగానే ఆగుతుంది. ఆడియో గైడ్ రెండోసారి వెళ్ళినప్పుడు తీసుకోండి. ఫోటో తీయాలంటే పది నిమిషాలు చూశాక తీయండి, ముందు తీస్తే కన్ను పని మానేస్తుంది.

మంచూ ముఖమూ ఒకే బొమ్మలో ఉన్నవి మీకు దొరికితే వాటిని చివరికి అట్టేపెట్టుకోండి. మాస్కోలోని ట్రెట్యాకోవ్ గ్యాలరీలో వాసిలీ సూరికోవ్ 1887లో పూర్తిచేసిన బోయారిన్యా మొరోజోవా (ప్రభువంశపు స్త్రీ మొరోజోవా) అలాంటిది, దాదాపు ఆరు మీటర్ల వెడల్పు. నల్లటి దుస్తుల్లో, సంకెళ్ళతో, మంచులో బండి మీద లాక్కెళ్తున్న స్త్రీ. మంచు మీద రెక్క పక్కకి చాపి కూర్చున్న ఒక కాకిని చూశాకే ఆ రూపం తట్టిందని సూరికోవ్ చెప్పుకున్నాడు. అటూ ఇటూ ఉన్న జనం ముఖాల్లో మంచు వెలుతురు కిందనుంచి పడుతూ ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం చిన్నది. ఎడిన్‌బరా నేషనల్ గ్యాలరీలో 1790ల నాటి చిత్రం, రెవరెండ్ రాబర్ట్ వాకర్ అనే మతగురువు డడింగ్‌స్టన్ చెరువు మీద స్కేటింగ్ చేస్తుంటాడు. హెన్రీ రేబర్న్ వేసిందని పేరు, కాదు వేరే ఆయన వేశాడని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఎత్తు 76 సెంటీమీటర్లే. నల్లకోటు, చేతులు కట్టుకుని, ఒంటికాలి మీద, ఏ తొందరా లేని మనిషి. ఆయన చెంప చలికి ఎర్రబడి ఉంది. వెనక ఆకాశంలోనూ అదే గులాబీ పల్చగా కలిసి ఉంది. మెడలోని తెల్లగుడ్డ చూడండి, తర్వాత కాళ్ళకింది మంచుగడ్డ చూడండి. ఆ గడ్డమీద స్కేట్లు కోసిన గీతలు కనబడతాయి, అవి రంగుతో గీసినవి కావు. తడి ఆరని రంగులో మొనదేలినదేదో పెట్టి గీరినవి. కాస్త వంగి, వెలుతురు పక్కనుంచి పడే చోట నిలబడితే ఆ గాట్లు కనిపిస్తాయి.